మేళాలో ధ్యానం స్టాల్ పెట్టడం ఎలా: బెంగళూరు తెలుగు వలంటీర్లకు సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో ఏ మేళాకి వెళ్లినా తిండికి, షాపింగ్‌కి, సెల్ఫీలకి కొదవ ఉండదు. దొరకనిదల్లా కాసేపు కూర్చోడానికి చోటు. గంటసేపు తిరిగేసరికి మోకాళ్లు పట్టేసిన అమ్మమ్మ, నిద్రపోయిన పిల్లాణ్ణి భుజాన వేసుకున్న తండ్రి, రెండు చేతుల్లో సంచులతో భార్య కోసం ఎదురుచూసే పెద్దమనిషి, అందరి కళ్లూ ఖాళీ కుర్చీ కోసమే వెతుకుతుంటాయి. మన ధ్యానం వలంటీర్లేమో వెయ్యి కరపత్రాలు అచ్చేయించి, దారికి అడ్డంగా నిలబడి పంచుతుంటారు. చీకటి పడేసరికి అవన్నీ కాళ్ల కింద ఉంటాయి.

కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మేళాలో ధ్యానం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. కుర్చీ వేయండి, మంచినీళ్లివ్వండి, మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. కింద రాసిందంతా ఆ మూడు నిమిషాలు సరిగ్గా జరగడానికి కావలసిన ఏర్పాట్ల గురించే. వారానికోసారి ఎవరింట్లోనో, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో కలిసి కూర్చునే చిన్న బృందాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆశ్రమాలు, వేలమంది సభ్యులు ఉన్న సంస్థలకి వాళ్ల పద్ధతులు వాళ్లకున్నాయి.

ముందుగా ఏ మేళా అన్నది తేల్చుకోండి

జనం ఎక్కువగా వస్తారు కదా అని బసవనగుడి కడలెకాయి పరిషెతోనే మొదలుపెట్టాలని చాలామంది ఉబలాటపడతారు. కార్తీక మాసం చివరి సోమవారం దొడ్డ బసవన్న గుడి దగ్గర జరిగే వేరుశెనగకాయల జాతర అది. ఈ మధ్య ఒక్కరోజుతో ఆగకుండా కొన్ని రోజులు సాగుతోంది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ బుల్ టెంపుల్ రోడ్డు మీద అడుగు తీసి అడుగు వేయడానికి ఉండదు, చెవుల్లో పీపీల మోత. వచ్చినవాళ్లకి ఒక చేతిలో కాయల పొట్లం, ఇంకో చేతిలో పిల్లాడి చెయ్యి. మీరిచ్చిన కరపత్రం తొక్కలు వేసుకోడానికి మాత్రం బాగా పనికొస్తుంది. పరిషెకి తప్పకుండా వెళ్లండి, నేషనల్ కాలేజ్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే. స్టాల్ సంగతి మాత్రం నాలుగు చిన్న మేళాలు చేసి చెయ్యి తిరిగాక చూసుకోవచ్చు.

చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే కరగ ఊరేగింపు దగ్గర అసలేమీ పంచొద్దు. తిగళ సముదాయం ప్రాణప్రదంగా చేసుకునే పూజ అది. మనం చేతులు జోడించి చూసి రావాలి, అంతే. జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్‌లో పెట్టే పూల ప్రదర్శన ఉద్యానవన శాఖ చేతిలోని వ్యవహారం. అనుమతి లేకుండా లోపల ఏదీ పంచకండి.

చిన్న బృందాలకి అచ్చొచ్చేవి ఇవీ: అపార్ట్‌మెంట్లలో జరిగే సంక్రాంతి, ఉగాది మేళాలు, తెలుగు సంఘాల వేడుకలు, వినాయక చవితి పందిళ్ల దగ్గర సాయంత్రం పూట జరిగే కార్యక్రమాలు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లు లేని బ్లాకు కనపడదు. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితిలో జరిగే కార్యక్రమాలకి నగరంలో పాతకాపులైన తెలుగు కుటుంబాలు వస్తాయి. ఉగాది కన్నడిగులకీ మనకీ ఒకటే పండుగ కాబట్టి ఆ రోజు స్టాల్ పెడితే రెండు భాషలవాళ్లూ వస్తారు. నవంబర్ అంతా వీధివీధినా కన్నడ రాజ్యోత్సవ (కర్ణాటక అవతరణ దినోత్సవం) సభలు జరుగుతాయి, స్థానిక కన్నడ సంఘాలతో పరిచయానికి అంతకంటే మంచి నెల లేదు. సంవత్సరం చివర డిసెంబర్ 21 ఉంది. ఆ రోజును ప్రపంచ ధ్యాన దినోత్సవంగా 2024లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ప్రకటించింది. ఆ వారంలో అపార్ట్‌మెంట్ సంఘాన్ని అడిగితే కాదనడం తక్కువ.

మీ వారపు ధ్యానం జరిగే చోటికి ఆ మేళా ఎంత దూరం అన్నది కూడా చూసుకోండి. వైట్‌ఫీల్డ్‌లో స్టాల్ పెట్టి, బసవనగుడిలో ధ్యానానికి రమ్మంటే శనివారం సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు దాటుకుని ఎవరు వస్తారు? మేళాకి నాలుగైదు కిలోమీటర్ల లోపల కూర్చునే చోటు ఉండాలి. లేకపోతే మెట్రో స్టేషన్‌కి నడిచే దూరంలోనైనా ఉండాలి.

నిర్వాహకులతో మాట్లాడే పద్ధతి

"మా ధ్యాన బృందానికి స్టాల్ కావాలండీ" అని అడిగితే, అద్దె చెప్పి ఫారం చేతిలో పెడతారు. లేదంటే "ఇప్పటికే రెండు యోగా వాళ్లున్నారు" అంటారు. అదే "పెద్దవాళ్లు కాసేపు కూర్చోడానికి ఒక చోటు మేం నడుపుతాం, నీళ్లు కూడా మేమే చూసుకుంటాం" అని చెప్పి చూడండి. ఏ మేళాలోనైనా నిర్వాహకులకి ఉండే పెద్ద తలనొప్పి పెద్దవాళ్ల గురించే. ఎవరికైనా కళ్లు తిరిగితే కూర్చోబెట్టే దిక్కుండదు. ఆ బాధ్యత మీరు తీసుకుంటామంటే అద్దె తగ్గుతుంది, చాలాచోట్ల అసలు తీసుకోరు. తీసుకున్నాక మాట నిలబెట్టుకోవాలి మరి. ధ్యానం చేయనన్నవాళ్లని కూడా కుర్చీలోంచి లేపకూడదు.

స్థలం దగ్గర మొహమాటపడొద్దు. మామూలుగా స్టాల్ పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉంటుంది. అది ఎక్కడ వేస్తారన్నదే ముఖ్యం. జనరేటర్ ఎక్కడ పెడతారు, స్టేజీ స్పీకర్లు ఎటువైపు తిరిగి ఉంటాయి, దోసె స్టాళ్ల పొగ ఎటు వస్తుంది, ఈ మూడూ ముందు అడగండి. జనరేటర్ పక్కన స్టాల్ పడితే ఆ రోజుకి మీ పని అయిపోయినట్టే. స్పీకర్లకి వెనకవైపున పడితే మైకు మోత కొంత తగ్గుతుంది.

ఒక చిట్కా. మెహందీ స్టాల్ పక్కన చోటు దొరికితే వదలకండి. మెహందీ పెట్టించుకున్న అమ్మాయి తడి ఆరేదాకా ఫోన్ పట్టుకోలేదు, కరపత్రం తీసుకోలేదు, ఏమీ తినలేదు. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంటుంది. ఆమెతోపాటు వాళ్లమ్మో, అత్తగారో ఉంటారు. మూడు నిమిషాలు నిశ్చింతగా కూర్చునేవాళ్లు ఆ మేళా మొత్తమ్మీద వాళ్లే. పిల్లల ఆటల స్టాళ్ల ఎదురుగా అయినా పర్లేదు, ఎదురుచూసే తల్లిదండ్రులు దొరుకుతారు.

మాటలన్నీ ఫోన్‌లో అయ్యాక కుర్చీలెన్ని, ప్లగ్ పాయింట్ ఉందా, సామాన్ల బండి ఎన్నింటిలోపు లోపలికి రావాలి అన్నవి వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపి "సరే" అనిపించుకోండి.

అనుమతులు, బ్యానర్లు, భాష

మేళా వేరేవాళ్లది అయితే అనుమతులు వాళ్లే తెచ్చుకుంటారు. మీరే పార్కులోనో, రోడ్డు పక్కనో టేబుల్ వేయాలనుకుంటే స్థానిక పోలీస్ స్టేషన్‌లోనూ, కార్పొరేషన్ వార్డు ఆఫీసులోనూ ముందుగా అడగాలి. పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి, 2025 సెప్టెంబర్ నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ వీధి ఏ కార్పొరేషన్‌లోకి వస్తుందో చూసుకోండి.

మైకు జోలికి పోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. ఆసుపత్రులు, బడులు, కోర్టులకి వంద మీటర్ల లోపల ఉన్న నిశ్శబ్ద మండలాల్లో ఇంకా కట్టడి ఉంటుంది. చట్టం సంగతి అటుంచి, ధ్యానానికి మైకులో పిలవడమేమిటి?

ఫ్లెక్స్ బ్యానర్ చేయించకండి. కర్ణాటకలో 2016 నుంచి ప్లాస్టిక్ ఫ్లెక్సులు, బ్యానర్లు నిషేధంలో ఉన్నాయి. గుడ్డ మీద రాయించిన బ్యానర్ అయితే ఉతుక్కుని అయిదారేళ్లు వాడుకోవచ్చు. గోడల మీద, కరెంటు స్తంభాల మీద పోస్టర్లు అంటించడం కూడా నేరమే, 1981 నుంచీ దానికి వేరే చట్టం ఉంది.

బ్యానర్ మీద పైన కన్నడం, కింద తెలుగు, ఇంకా చోటుంటే ఇంగ్లీష్. తెలుగు సంఘం మేళా అయినా సరే, కన్నడం పైనే ఉండాలి. మనం బతుకుతున్న ఊరు వాళ్లది. దుకాణాల బోర్డుల మీద 60 శాతం కన్నడం ఉండాలన్న నిబంధన 2024లో వచ్చినప్పటి నుంచి ఈ విషయంలో పట్టింపులు కూడా పెరిగాయి. అదృష్టం ఏమిటంటే 'ధ్యాన', 'ఉచిత' అనే మాటలు రెండు భాషల్లోనూ ఉన్నవే. ప్రతి వలంటీరుకీ నాలుగు కన్నడ ముక్కలు నోటికి రావాలి: "బన్ని, కూత్కొళ్లి" (రండి, కూర్చోండి), "నీరు బేకా?" (నీళ్లు కావాలా?), "దుడ్డు ఏనూ ఇల్ల" (డబ్బులేమీ లేవు), "మూరు నిమిష సాకు" (మూడు నిమిషాలు చాలు). ఉచ్చారణ తప్పితే నవ్వుతారు, నవ్వుతూనే కూర్చుంటారు.

బ్యానర్ మీద గురువుగారి నిలువెత్తు ఫొటో కంటే "కూర్చోండి. నీళ్లు తాగండి. మూడు నిమిషాలు ధ్యానం. డబ్బులేమీ లేవు" అని పెద్ద అక్షరాల్లో ఉంటే మేలు. ఫొటో చూడగానే మనది ఏ మఠమో, ఏ బాబానో తేల్చుకునే పనిలో పడతారు.

స్టాల్ లోపల

షామియానా వాళ్లు మామూలుగా రెండు టేబుళ్లు, రెండు కుర్చీలు ఇస్తారు. ఇంకో ఎనిమిది కుర్చీలు అడిగి తెప్పించుకోండి. వాటిలో నాలుగైనా చేతులున్న కుర్చీలై ఉండాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేతుల ఆసరా లేకుండా లేవలేరు. కింద జంపఖానా పరిచి పద్మాసనం వేయించాలనే ఆలోచన మానుకోండి. పట్టుచీర కట్టుకుని, కొత్త చెప్పులేసుకుని వచ్చినవాళ్లు చెప్పులు విప్పి కింద కూర్చోరు. బయటికొచ్చాక చెప్పులుంటాయో లేదో అన్న భయం ఒకటి.

టేబుల్ స్టాల్ ముందు అడ్డంగా వేయొద్దు. అది కౌంటర్‌లా కనపడి, ఏదో అమ్ముతున్నారనుకుంటారు. పక్కకి గోడవైపు జరిపితే జనం నేరుగా లోపలికి రాగలుగుతారు. కుర్చీల ముఖం దారివైపు పెడితే పదిమంది చూస్తుండగా కళ్లు మూసుకోడానికి సిగ్గుపడతారు. వీపు దారివైపు పెడితే బ్యాగు ఎవరైనా లాక్కుపోతారేమోనని టెన్షన్. అందుకని కుర్చీలు ఏటవాలుగా పక్కకి తిప్పి వేయండి. దారివైపు నడుమెత్తు వరకు ఒక పాత కాటన్ చీర కట్టేస్తే సరిపోతుంది.

సామాన్లు: 20 లీటర్ల నీళ్ల క్యాను, స్టీలు గ్లాసులు, కడిగిన గ్లాసులు వేరుగా పెట్టడానికి ఒక బేసిన్, చిన్న పూజగంట, పెన్నులు, చీటీలు, తాడు, కత్తెర, చార్జింగ్ లైటు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా సాయంత్రం మేళా అయితే పెద్ద ప్లాస్టిక్ పట్టా కూడా. ఈ ఊళ్లో వాన చెప్పి రాదు. సంక్రాంతి మేళా అయితే ఒక పళ్లెంలో ఎళ్లు బెల్లం (నువ్వులు, బెల్లం కలిపినది) పెట్టండి, అది పంచుకోవడం ఇక్కడి మర్యాద. అగరొత్తులు వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకి ఇబ్బంది, పైగా పందిరి గుడ్డతో కట్టింది.

ఎవరెవరు ఉండాలి

స్టాల్‌లో ఒకసారి నలుగురు చాలు. పదిమంది వలంటీర్లు వచ్చారంటే వాళ్లలో వాళ్లే కబుర్లలో పడతారు, బయటివాళ్లకి అది ఎవరింట్లోనో పేరంటంలా కనపడి లోపలికి అడుగుపెట్టరు. ఒకరు బయట నిలబడి పిలవాలి, ఒకరు ధ్యానం చేయించాలి, ఒకరు నీళ్లూ చీటీలూ చూడాలి, నాలుగోవాళ్లు ఎవరికి విరామం కావాలంటే వాళ్ల బదులు. రెండు గంటలకోసారి మారండి. నలుగురిలో ఇద్దరైనా ఆడవాళ్లు ఉండాలి. అందరూ తెల్లబట్టల్లో వస్తే ఏదో సంప్రదాయంలో చేర్చుకుంటారన్న అనుమానం వస్తుంది. మామూలు బట్టలు వేసుకుని, తెలుగులోనూ కన్నడంలోనూ పేరు రాసిన బ్యాడ్జీ పెట్టుకుంటే చాలు.

బయట నిలబడేది మీ బృందంలో ఎక్కువ ధ్యానం చేసినవాళ్లు కానక్కర్లేదు. దారిన పోయేవాళ్లని పలకరించడం వచ్చినవాళ్లు కావాలి. అలాంటివాళ్లు ప్రతి బృందంలో ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లెవరో మీకు ఈపాటికే తెలుసు.

పిలవడం, కూర్చోబెట్టడం

అసలు పని ఇక్కడుంది. సాధారణంగా మన ఆడవాళ్లతో మాట ఇలా నడుస్తుంది.

"కూర్చోండమ్మా, కాళ్లు లాగుతున్నాయేమో."

"ఏం అమ్ముతున్నారు పాపా?"

"ఏం అమ్మట్లేదమ్మా. ఊరికే కూర్చోండి, నీళ్లిస్తాను."

నీళ్లు తాగేదాకా ధ్యానం మాటెత్తొద్దు. "ఏ ఊరమ్మా మనది?" అని అడగండి. హిందూపురమో, నెల్లూరో, ఖమ్మమో చెబుతారు. కొడుకో కూతురో ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారనీ, మనవణ్ణి చూసుకోడానికి వచ్చామనీ చెబుతారు. గ్లాసు కింద పెట్టాక, "మూడు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుందామా అమ్మా? నేను కూడా కూర్చుంటాను" అనండి. ఆ చివరి మాట ముఖ్యం. మీరు నిలబడి చూస్తుంటే పరీక్ష పెట్టినట్టుంటుంది, పక్కన కూర్చుంటే తోడు వచ్చినట్టుంటుంది. వద్దంటే "సరేనమ్మా, మీకిష్టమైనంతసేపు కూర్చోండి" అని వదిలేయండి. చాలామంది ఐదు నిమిషాలు పక్కవాళ్లని చూసి, వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

చేయించేటప్పుడు చెప్పే మాటలు ముందే రాసుకుని, నలుగురు వలంటీర్లూ ఒకేలా చెప్పడం మంచిది. నేను సిఫారసు చేసేది ఇది:

"రెండు పాదాలూ నేలకి ఆనించండి. చెప్పులు తియ్యక్కర్లేదు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని దాని మీద చేతులు వేసుకోండి. కళ్లు మూసుకోవాలనిపిస్తే మూసుకోండి, లేదంటే నేల మీద ఒకచోట చూస్తూ ఉండండి. మైకులో పాట వినపడుతుంది, వినపడనివ్వండి. ఊపిరి బయటికి వదిలినప్పుడల్లా మనసులో ఒకటి, రెండు అంటూ పది దాకా లెక్కపెట్టండి. పది అయ్యాక మళ్లీ ఒకటి. మధ్యలో లెక్క తప్పితే ఏం పర్లేదు, ఒకటి దగ్గర మొదలుపెట్టండి. గంట మోగాక కళ్లు తెరుద్దాం."

మనిషి మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు కాబట్టి మూడు నిమిషాల్లో పది చొప్పున నాలుగైదు సార్లు లెక్క తిరుగుతుంది. అంతకంటే పొడిగించొద్దు. బాగా కుదిరిందనిపించినా ఆపేయండి, ఇంకాసేపు ఉంటే బాగుండేదని వాళ్లకి అనిపించాలి. మీ పద్ధతిలో మంత్రమో, నామస్మరణో ఉన్నా మేళాలో ఊపిరితోనే చేయించండి. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ వచ్చే చోటది.

స్టాల్‌లో ఎవరి వీపూ, తలా తాకొద్దు, "నిటారుగా కూర్చోండి" అని సర్దడానికైనా సరే. కళ్లు మూసుకున్నవాళ్ల ఫొటో తీయడం పూర్తిగా నిషేధం. మర్నాడు బృందం ఫేస్‌బుక్ పేజీలో తన ముఖం చూసుకున్న మనిషి మళ్లీ మీ దగ్గరికి రాదు.

పిల్లలకి లెక్కపెట్టడం విసుగు. గంట ఒక్కసారి కొట్టి, "చప్పుడు పూర్తిగా ఆగిపోయిందనిపించినప్పుడు చెయ్యి ఎత్తు" అనండి. పోటీలు పడి మరీ వింటారు. గంట నాదం మీద ఇంతసేపు కుదురుగా ఉన్న పిల్లాణ్ణి చూసి, వాళ్లమ్మ తనూ ఒకసారి చేస్తానని కూర్చోవడం మామూలే.

వేళల సంగతి కూడా గమనించుకోండి. మేళా నాలుగింటికి మొదలైతే ఆరు దాకా మీకు మంచి సమయం. ఆరున్నర తర్వాత జనం తోసుకొస్తారు, స్టేజీ మీద డ్యాన్సులు మొదలవుతాయి. అప్పుడు నీళ్లిచ్చి కూర్చోబెట్టడమే పని, ధ్యానం కోసం వెంటపడొద్దు. భోజనాల తర్వాత ఎనిమిదింటి వేళ మళ్లీ వస్తారు.

అడిగే ప్రశ్నలు, చెప్పకూడని జవాబులు

"మీరు ఎవరి తాలూకు?" అన్నది మొదటి ప్రశ్న. కనకపుర రోడ్డు మీద ఆర్ట్ ఆఫ్ లివింగ్ ఆశ్రమం ఉంది, అటువైపే తెలుగువాళ్లకి బాగా తెలిసిన పిరమిడ్ వ్యాలీ ఉంది, ఊళ్లో బ్రహ్మకుమారీల కేంద్రాలున్నాయి. మీరు వాళ్లలో ఒకరా అని అడుగుతారు. అయితే అవునని, కాకపోతే కాదని ఒక్క ముక్కలో చెప్పండి. ఎవరి పద్ధతి గొప్పదనే చర్చలోకి దిగితే స్టాల్ ముందు ఇద్దరు వాదించుకుంటారు, పదిమంది తప్పుకుని పోతారు. "డబ్బులెంత?" అంటే ఉన్నదున్నట్టు చెప్పాలి. వారపు ధ్యానం ఉచితమే కానీ ముందుముందు డబ్బు కట్టే శిబిరాలున్నాయి అంటే, ఆ మాట మొదటిరోజే చెప్పేయండి.

"ధ్యానం చేస్తే షుగర్ తగ్గుతుందా?" అన్న ప్రశ్న ప్రతి మేళాలో వస్తుంది. ఉత్సాహంలో "మా అంకుల్ మందులే మానేశారు" అనేసే వలంటీరు ఒకరుంటారు. ఆయన్ని ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. మధుమేహం, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది. మహిమ ఉందని చెప్పే తాయెత్తులే కాదు, మంత్రాలు కూడా ఆ చట్టం నిర్వచనంలో ఉన్నాయి. చట్టం కంటే పెద్ద భయం ఇంకొకటి: మీ మాట నమ్మి ఒక పెద్దాయన నిజంగానే మాత్రలు మానేస్తే?

నిజాయితీగా చెప్పగలిగింది కొంత ఉంది. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో 47 ప్రయోగాలను, 3,500 మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన పరిశీలన వచ్చింది. ఆందోళన, దిగులు, నొప్పి విషయంలో ధ్యానం వల్ల ఓ మోస్తరు ఉపయోగం ఉందని తేలింది. మందులకంటే, వ్యాయామంకంటే ఎక్కువగా పనిచేస్తుందనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. నిద్ర మెరుగవుతుందని చెప్పడానికి కూడా అప్పటికి తగిన రుజువులు లేవు. కాబట్టి జవాబు ఇలా ఉండాలి: "మందులు మీ డాక్టరు గారు చెప్పినట్టే వేసుకోండి. మనసు కాస్త నెమ్మదిస్తుందేమో, నాలుగు వారాలు కూర్చుని మీరే చూడండి." ఇంతకుమించి ఒక్క మాట చెప్పకూడదని నా పట్టుదల.

అప్పుడప్పుడూ ఎవరో కళ్లు మూసుకున్న నిమిషానికే ఏడుస్తారు. కంగారుపడొద్దు, "శక్తి ప్రవహిస్తోంది" లాంటి మాటలు అసలే వద్దు. నీళ్లిచ్చి, ఆడవాళ్లయితే ఆడ వలంటీరు పక్కన కూర్చుని, చెప్పుకుంటే వినాలి. కొందరికి కళ్లు మూసుకుంటే ఆందోళన పెరుగుతుంది కూడా, వాళ్లని కళ్లు తెరవమని చుట్టూ చూడమనండి. చావు గురించో, బతకాలని లేదనో మాట వస్తే అది మన స్టాల్‌లో తేలే విషయం కాదు. మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలి మానస్ ఫోన్ సేవ నంబరు 14416 ఒక కార్డు మీద రాసి టేబుల్ మీద ఉంచండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ అది, దానికి మన హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పెద్దదిక్కు. తెలుగులో కూడా మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు తోడు ఉంటే వాళ్లకీ చెప్పి, దగ్గరుండి ఫోన్ కలిపించండి.

నంబర్లు తీసుకోవడం

కూర్చుని లేచిన ప్రతివాళ్ల దగ్గరా నంబరు అడగొద్దు. "మళ్లీ ఎప్పుడు చేస్తారు?" అని వాళ్లు అడిగితేనే చీటీ ఇవ్వండి. అలా వచ్చిన ఇరవై నంబర్లు, బతిమాలి రాయించుకున్న రెండొందల నంబర్లకంటే విలువైనవి.

రిజిస్టరు పుస్తకం పెట్టకండి. రాసేవాళ్లకి ముందు రాసినవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ అన్నీ కనపడతాయి. విడివిడి చీటీలు అచ్చేయించి, నింపినవి మూత ఉన్న డబ్బాలో వేయించండి. చీటీలో పేరు, ఏరియా, ఫోన్, ఏ భాష, ఏ వేళ వీలు అన్న ఐదు వివరాలు చాలు. కింద "వారపు ధ్యానం సమాచారం పంపడానికి మాత్రమే" అని రాసి ఒక సంతకం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సారం కూడా ఇదే: ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోవాలి, దానికే వాడాలి. క్యూఆర్ కోడ్ కూడా పెట్టుకోండి కానీ దాన్నే నమ్ముకోవద్దు. జనం పెరిగేకొద్దీ నెట్ మందగించి పేజీ తెరుచుకోదు, పెద్దవాళ్లకి అది అలవాటు కూడా ఉండదు.

వాట్సాప్ గ్రూపులో నేరుగా చేర్చేయడం మనవాళ్లకి సరదా. గ్రూపులో ఆడవాళ్ల నంబర్లు ముక్కూముఖం తెలియని వందమందికి కనపడతాయి, ఆ రాత్రికే "గుడ్ నైట్" మెసేజీలు మొదలవుతాయి. మెసేజ్ ఎవరికి వారికే విడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు. అయితే అందులో 256 మందికే చోటు, పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకని చీటీ రాసినప్పుడే వాళ్ల ఫోన్‌లో మీ నంబరు సేవ్ చేయించండి. పెద్దవాళ్లయితే మీరే చేసి ఇవ్వండి, సంతోషిస్తారు.

మేళా అయ్యాక వారం రోజులు

ఇరవై నాలుగు గంటల లోపల ఒక్క మెసేజ్ పంపాలి. సూక్తులు, పూలబొమ్మలు వద్దు. "నిన్న ఉగాది మేళాలో మెహందీ స్టాల్ పక్కన మనం కలిసి కూర్చున్నాం. ఈ శనివారం సాయంత్రం 5 గంటలకి ఫలానా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కూర్చుంటున్నాం, 40 నిమిషాలు. గేటు దగ్గర నా పేరు చెప్పండి" అని ఉంటే చాలు. గేటు సంగతి చిన్నదనుకోవద్దు. సెక్యూరిటీ యాప్‌లో పేరు లేక వెనక్కి పోయినవాళ్లు రెండోసారి రారు. వచ్చేవాళ్ల పేర్లు ముందే ఎంట్రీ చేయించి, మొదటి పదిహేను నిమిషాలు ఒక వలంటీరు గేటు దగ్గరే ఉండాలి.

చీటీల్లో "వీలైన వేళ" అన్నదాన్ని జాగ్రత్తగా చూడండి. ఉద్యోగాలు చేసేవాళ్లు వారాంతం అంటారు. పెద్దవాళ్లు రాసేది మాత్రం వేరుగా ఉంటుంది: పొద్దున పదకొండు. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు బడికి వెళ్లాక ఇంట్లో మిగిలేది ఇద్దరే, ఒక్కోసారి ఒక్కరే. కన్నడం రాదు, ఒంటరిగా ఆటో ఎక్కే ధైర్యం లేదు, టీవీ చూసి చూసి విసుగు. ధ్యానం మీద వాళ్లకి ఎంత ఆసక్తో గానీ, తెలుగులో మాట్లాడే నలుగురి మధ్య కూర్చోవడం మాత్రం వాళ్లకి చాలా అవసరం. మీ బృందం ఇప్పటిదాకా శనివారాలే కూర్చుంటుంటే, అదే అపార్ట్‌మెంట్‌లో బుధవారం పదకొండు గంటలకి ఇంకొక పూట మొదలుపెట్టండి. ఇరవై నిమిషాల ధ్యానం, అరగంట కబుర్లు. వారం వారం తప్పకుండా వచ్చేది ఈ పూటవాళ్లే. తర్వాతి మేళాలో నీళ్ల గ్లాసు అందిస్తూ "కూర్చోండమ్మా" అని పిలవడానికి వీళ్లకంటే మంచి వలంటీర్లు దొరకరు.

రాలేదని రెండోసారి ఫోన్ చేయొద్దు. మూడు వారాలు మెసేజ్ పంపి, జవాబు లేకపోతే ఆ పేరు తీసేసి చీటీ చింపేయండి.

మేళా జరిగిన రాత్రే స్టాల్ చుట్టూ ఊడ్చి, కుర్చీలు లెక్క చూసి షామియానా వాళ్లకి అప్పగించండి. మర్నాడు నిర్వాహకులకి నాలుగు వాక్యాల మెసేజ్: ఎంతమంది కూర్చున్నారు, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఏం చేశాం, వచ్చే ఏడాది ఇంకెన్ని కుర్చీలు కావాలి, అదే మూల మళ్లీ ఇస్తారా. గ్లాసులు, గంట, తాడు, గుడ్డ బ్యానర్ అన్నీ ఒకే పెట్టెలో సర్ది, ఆ పెట్టె ఎవరింట్లో ఉందో వలంటీర్ల గ్రూపులో రాసిపెట్టండి.